ఆ మాస్టారు నిజంగా మారాడా?

చిన్నితల్లీ,

రాత్రి ఫోన్లో నువ్వన్న మాట పొద్దున దాకా నన్ను వదల్లేదు, అందుకే మెసేజ్ పెట్టకుండా ఇలా కూర్చుని రాస్తున్నా. "అన్నేళ్ళు పిల్లల్ని భయపెట్టినవాడు, చివర్లో ఒక్క ఫోన్ మాట్లాడితే మారిపోయినట్టేనా అమ్మా" అన్నావు కదా. నువ్వు డైరెక్ట్ చేస్తున్న ఇంగ్లీషు రచయిత రాటిగన్ నాటకం ది బ్రౌనింగ్ వెర్షన్ మళ్ళీ మొత్తం చదివా, ఒకటే అంకం కాబట్టి ఒక్క ఊపులో అయిపోయింది.

నీ కోపంలో న్యాయం ఉంది. ఆ మాస్టారు క్రాకర్-హ్యారిస్‌ని హెడ్మాస్టరే "లోయర్ ఫిఫ్త్ హిమ్లర్" అన్నాడంటే, అంటే ఆ క్లాసు పాలిట హిట్లర్ అనుచరుడు హిమ్లర్ లాంటివాడు అని, అదీ ఆ నాటకం మొదట ఆడింది 1948లో, యుద్ధం ముగిసి మూడేళ్ళే, ఆ పేరు లండన్ థియేటర్లో కూర్చున్నవాళ్ళకి ఎక్కడ తగిలుంటుందో ఆలోచించు. కానీ ఆ మాట ఆయన చెవిన పడ్డాక కొత్త టీచర్ గిల్బర్ట్‌తో ఏమంటాడో మళ్ళీ ఒకసారి చదువు. మొదట్లో పిల్లలు తన నడకని మాటతీరుని చూసి నవ్వేవాళ్ళు, ఆయనే ఆ నవ్వుని పెంచాడు, నవ్వుతూనన్నా నాలుగు ముక్కలు నేర్చుకుంటారని. తర్వాత ఆ నవ్వు కూడా పోయింది. అంటే ఆయన పుట్టుకతో రాయి కాదమ్మా, పిల్లలకి దగ్గరవ్వాలని చూసి ఓడిపోయి బిగుసుకుపోయిన మనిషి.

నువ్వు మార్పుని వెతకాల్సింది ఆ ఫోన్ దగ్గర ఒక్కచోటే కాదు, ట్యూషన్ సీన్లో. ఆయన విద్యార్థి ట్యాప్లో, ఈస్కిలస్ రాసిన గ్రీకు నాటకంలో రాజు అగమెమ్నాన్ హత్య ఘట్టాన్ని ఉత్సాహంగా సొంత మాటలు కలిపి అనువదిస్తుంటే మాస్టారు ఆపుతాడు, నువ్వు చేయాల్సింది గ్రీకుకి అర్థం చెప్పడం, ఈస్కిలస్‌తో కలిసి రాయడం కాదు అని. అక్కడే అయిపోవాలి మామూలుగా. అవ్వదు. కాసేపటికి తనే, నీ వయసు కన్నా కొంచెం పెద్దవాణ్ణిగా ఉన్నప్పుడు నేనూ దీన్ని పద్యాల్లో అనువదించా, ఆ ప్రతి ఇప్పుడు దొరకట్లేదు అని ఆ పిల్లాడికి చెప్పేస్తాడు. ట్యాప్లో ఆయనకిచ్చే పుస్తకం, ఆ నాటకానికి బ్రౌనింగ్ చేసిన అనువాదం, ఇంకా రానేలేదు అప్పటికి! తర్వాత ఆ పుస్తకం మీద రాసిన గ్రీకు వాక్యం చదివి ఏడుపొచ్చినప్పుడు కూడా, పిల్లాడు చూడకూడదని తన జబ్బు మందు గ్లాసులో పోసి తీసుకురమ్మని బయటికి పంపుతాడు. అదే పాత మనిషి, అదే అలవాటు. ఏడ్చాడు కాబట్టి మారాడు అని మాత్రం నేను ఒప్పుకోను.

ఆ తర్వాత ఆయన భార్య మిల్లీ వచ్చి, ఆ పుస్తకం పిల్లాడు ప్రేమతో ఇచ్చింది కాదు, పై క్లాసుకి ప్రమోషన్ కోసం ఇచ్చిన లంచం అంటుంది చూడు, అక్కడ నాకు ఊపిరాడలేదు. నేను టీచర్‌గా ఉన్నప్పుడు ఏడాది చివర్లో ఒక పిల్ల తన చేత్తో చేసిన కార్డు తెచ్చిచ్చింది, మార్కుల కోసమేమో అని ఒక్క క్షణం అనిపించింది నాకు. ఎవరూ చెప్పకుండానే. ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. అందుకే అంత మాట విన్నాక కూడా ఆయన ఇంకా విరిగిపోకుండా, చివర్లో హెడ్మాస్టర్‌కి ఫోన్ చేసి, స్కూల్ వదిలి వెళ్ళేవాళ్ళ ప్రసంగాల్లో సీనియర్‌గా ఆఖర్న మాట్లాడే హక్కు నాది, నేనే మాట్లాడతా అనడం నాకు చిన్న విషయంలా అనిపించదు. పెన్షన్ ఇవ్వలేమన్నా తలూపినవాడు, ఆ క్రికెట్ ఆడే కుర్ర టీచర్ తర్వాత నీ ప్రసంగం చప్పగా ఉంటుందంటే సరేనన్నవాడు, మొదటిసారి కాదన్నాడు.

1951 సినిమాలో ఆ ప్రసంగం చూపించారు, పిల్లలందరి ముందూ క్షమాపణ అడుగుతాడు. నాటకంలో లేదు. పిల్లలకి ఆ క్షమాపణ బాకీ ఉంది, అందులో నీతో వాదించను, కానీ రాత్రికి రాత్రి మంచి మాస్టారు అయిపోవడం కన్నా భోజనం చల్లారిపోతుందని మిల్లీని పిలిచి కూర్చోవడమే నాకు నిజం అనిపిస్తుంది. మారడం మొదలుపెట్టాడు, అంతే. పిల్లల దాకా అది చేరలేదింకా.

డైరెక్ట్ చేసేది నువ్వే కాబట్టి ఒక్కటి అడుగుతా, ఫోన్ సీన్లో మాస్టారి వేషం వేసే అబ్బాయిని గొంతు పెంచనివ్వకు, మ్యూజిక్ పెట్టకు. డ్రెస్ రిహార్సల్ డేట్ చెప్పు, నేను వస్తా.

అమ్మ