కొత్త అప్పు కన్నా పాత బాకీ ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

గిరాకీ పడిపోయిన ప్రతిసారీ చిన్న వ్యాపారులకు కొత్త అప్పులు ఇప్పిస్తామని ప్రకటనలు వస్తుంటాయి. ముద్ర రుణ పరిమితిని 2024లో 20 లక్షల రూపాయలకు పెంచడం మంచిదే కానీ, హనుమకొండలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్న నాకు కావలసింది మరో అప్పు కాదు, రావలసిన బాకీ. ఒక ప్రైవేటు కాలేజీకి అచ్చువేసి ఇచ్చిన రసీదు పుస్తకాల బిల్లు మా గల్లాపెట్టెలో పిన్ను తుప్పుపట్టేదాకా ఉంది. అడిగిన ప్రతిసారీ ‘వచ్చే వారం రండి’ అన్న మాటే. ఈలోగా కాగితం కొట్టువాడు మాత్రం నగదు లేనిదే రీము దించడం లేదు.

సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ కట్టాలి. అయితే ఇలాంటి బాకీల తగవులు విచారించే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలంటే సాధారణంగా ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర చేయించుకునే నమోదు, అడుగుతారన్న సంగతి మా వీధిలో చాలామందికి తెలియదు. తెలిసినా, ఉన్న ఒక్క పెద్ద ఖాతాదారుతో తగవు పెట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది?

కాబట్టి జిల్లా పరిశ్రమల కేంద్రం కొత్తవాడ, మట్టెవాడ వంటి చోట్ల శిబిరాలు పెట్టి, అక్కడికక్కడే నమోదు చేయించి, బాకీదారులకు నోటీసులు తెలుగులో రాసిపెట్టాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ప్రెస్ యజమాని, హనుమకొండ