అలన్ మొఫాట్‌పై నా ప్రసంగం వెనక నిలిచిన వారికి నమస్సులు

మెల్‌బోర్న్ తెలుగువారి సమావేశంలో ఆస్ట్రేలియా కార్ల రేసు వీరుడు అలన్ మొఫాట్ గురించి నేను చేసిన ప్రసంగం బాగుందని చాలామంది ఫోను చేసి చెప్పారు. ఆ మెప్పులో సింహభాగం నాకు సాయపడిన వారిది. పేర్లు రాయవద్దని వారే కోరారు కనుక పేర్లు లేకుండానే, నలుగురి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

ముందుగా మా వీధిలో ఉండే విశ్రాంత మెకానిక్ గారికి. 1971లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో జరిగిన 500 మైళ్ల కార్ల పోటీని మొఫాట్ ఒక్కరే నడిపి గెలిచారని చదివాను. ఫోర్డ్ ఫాల్కన్ జీటీహెచ్‌ఓ కారు, ట్రాక్ చుట్టూ 130 ల్యాపులు, మధ్యలో సీటు అందుకునే రెండో డ్రైవరు లేరు. పోటీ సాగుతుండగా గాలికి ఎగిరివచ్చిన ఖాళీ బీరు అట్టపెట్టె ఒకటి ఆ కారు ముందుజాలీకి అతుక్కుపోయింది. ఇందులో అంత విశేషమేముందని అడిగాను. ఆయన మారుమాట లేకుండా గరాజులోంచి ఒక అట్టపెట్టె తెచ్చి, తన పాత కారు ముందు ఆనించి, ఇంజను ఆన్ చేసి, నన్ను లోపల కూర్చోబెట్టి వేడి చూపే ముల్లును గమనించమన్నారు. రేడియేటరుకు గాలి తగలకపోతే నీళ్లు మరిగి ఇంజనే పోతుంది. ఆ పోటీ జరిగే కొండదారి ట్రాక్ మౌంట్ పనోరమాలో అడుగునుంచి కొండకొమ్ముకు 174 మీటర్ల ఎత్తు; అంత ఎక్కుడులో ఆ ముల్లు మీద ఒక కన్నుంచి నడపడమంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది. సభలో అందరూ ఊపిరి బిగబట్టి విన్నది ఈ ఘట్టాన్నే. అది ఆయన చలవ.

పాత పోటీల కరపత్రాలు, పత్రికలు పెట్టెనిండా అరువిచ్చిన పెద్దమ్మగారికి ఏమిచ్చి రుణం తీర్చుకోను! కెనడాలోని సాస్కటూన్‌లో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా కుర్రతనంలోనే ఆస్ట్రేలియా చేరిన మొఫాట్‌ను ఫోర్డ్‌కు ప్రత్యర్థి అయిన హోల్డెన్ కార్ల అభిమానులు ఇక్కడ ఎంతకాలం పరాయివాడిగా చూశారో ఆ కాగితాల్లో కనిపిస్తుంది. నాకు బాగా తగిలింది 1976 నాటి ఉదంతం. 1974 ఆరంభంలోనే ఫోర్డ్ కంపెనీ అధికారికంగా పోటీల నుంచి తప్పుకుంది. మొఫాట్ సొంతంగా జట్టు నడుపుకుంటున్నారు. అడిలైడ్ పోటీకి వెళుతుండగా లారీకి నిప్పంటుకుని ఆయన ఫాల్కన్ కాలిపోయింది. అప్పుడు ఆయనకు కారు అరువిచ్చింది ఎవరనుకున్నారు? ట్రాక్ మీద ఆయనతో తలపడే జాన్ గాస్! ఆ ఏడాది ఆస్ట్రేలియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్ మొఫాట్‌కే దక్కింది. ఇది చదివాక నాకు గాస్ మీద కూడా గౌరవం పెరిగింది. ప్రసంగంలో ఆయనకు మరికాస్త చోటివ్వాలని పట్టుబట్టింది పెద్దమ్మగారే.

ప్రసంగం రాతప్రతిని చదివి దిద్దిన చెల్లాయికి ప్రత్యేక కృతజ్ఞతలు. 1973, 1976, 1977, 1983 అంటూ నాలుగు ఛాంపియన్‌షిప్‌లనూ, నాలుగు బాథర్స్ట్ విజయాలనూ పట్టికలా ఏకరువు పెట్టవద్దని, మనిషి గురించి చెప్పమని తనే అన్నది. అందుకే 1966లో అమెరికా వెళ్లి లోటస్ కోర్టినా కారుతో, అక్కడి ట్రాన్స్-ఆమ్ కార్ల పోటీల వరుసలో బ్రయర్ ట్రాక్ మీది పోటీ గెలిచిన యువకుడినీ, చివరి ఛాంపియన్‌షిప్‌ను ఫోర్డ్‌తో కాక మాజ్దా ఆర్‌ఎక్స్-7తో గెలిచిన అనుభవజ్ఞుడినీ పక్కపక్కన నిలబెట్టగలిగాను. 1977 బాథర్స్ట్‌లో మొఫాట్ జట్టువే అయిన రెండు ఫాల్కన్‌లు పక్కపక్కనే గీత దాటిన దృశ్యాన్ని మాత్రం వదులుకోలేదు, తనూ ఒప్పుకుంది.

తెర, మైకు సర్దిన కుర్రవాళ్లకూ, పిల్లల్ని ఆడించి తల్లిదండ్రులను ప్రశాంతంగా విననిచ్చిన అక్కలకూ వందనాలు.

పెద్దమ్మగారూ, మీ పెట్టెలోని కాగితాలన్నీ సంవత్సరాలవారీగా సర్ది కవర్లలో పెట్టాను. ఈ శనివారం నేనే తెచ్చి ఇస్తాను. మెకానిక్ గారు కూడా వస్తామన్నారు. 1971 కరపత్రాన్ని ఆయన స్వయంగా చూడాలట.