ప్రల్యాక్‌కు శిక్ష వంతెన వల్ల కాదు

సంపాదకులకు,

క్రొయేషియా జనరల్ స్లోబోదాన్ ప్రల్యాక్ పేరు ఎక్కడ వచ్చినా రెండు ముక్కలతో సరిపెడుతున్నారు: హేగ్ యుద్ధ నేరాల కోర్టులో విషం తాగాడు, బోస్నియాలోని మోస్తార్ పాత వంతెన కూల్పించాడు. మొదటిది నిజమే. వంతెన నేరాన్ని మాత్రం 2017 నవంబర్ 29న అప్పీలు ధర్మాసనమే కొట్టేసింది. ఒట్టోమన్ల కాలంలో, 1566లో కట్టిన ఆ రాతి వంతెన మీదుగా, ముస్లింలే ఎక్కువగా ఉన్న బోస్నియా సైన్యం మనుషుల్నీ సరుకునూ నెరెత్వా నది దాటించేది. కాబట్టి అది సైనిక లక్ష్యమేనని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. ఒకరు ఒప్పుకోలేదు. బోస్నియా క్రొయేట్ల టాంకు గుళ్లకు వంతెన కూలింది 1993 నవంబర్ 9న. ప్రల్యాక్ వాళ్ల సేనాపతి పదవి దిగిందీ ఆ రోజే.

అయినా 20 ఏళ్ల శిక్షలో ఒక్క రోజు తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో ఎవరూ రాయరు, నా బాధ అదే.

నాటకాలకూ సినిమాలకూ దర్శకత్వం చేసిన ఈయన 1991లో స్వచ్ఛందంగా యుద్ధంలో చేరి సున్యా పట్టణాన్ని సెర్బుల నుంచి కాపాడాడు. 1992లో మేజర్ జనరల్ అయ్యాడు, క్రొయేషియా రక్షణ శాఖలో సహాయ మంత్రీ అయ్యాడు. 1993 జూలై 24 నుంచి బోస్నియా క్రొయేట్ల సేన, హెచ్‌వీఓకు అధిపతి. ముస్లింలను వాళ్ల ఊళ్ల నుంచి తరిమేసే ఉమ్మడి నేర పథకంలో ఆయనా భాగస్వామేనని, క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌కూ హెచ్‌వీఓకూ మధ్య వారధి ఆయనేనని కోర్టు తేల్చింది. ఆయన పుట్టిన చాప్లినా దగ్గరే హెచ్‌వీఓ ఖైదీల శిబిరం ద్రెతెల్. ఎండాకాలంలో గాలాడని గోదాముల్లో మనుషుల్ని కుక్కి, తాగడానికి చాలినన్ని నీళ్లు కూడా ఇవ్వలేదు. మోస్తార్ పక్కన హెలియోడ్రోమ్ శిబిరం నుంచి ఖైదీల్ని కాల్పులు సాగే ముందు వరుసకు తోలుకెళ్లి కందకాలు తవ్వించారు, ఇసుక బస్తాలు మోయించారు. కొందరు అక్కడే చచ్చిపోయారు.

తీర్పు రోజున క్రొయేషియా ప్రధానే దాన్ని నైతిక అన్యాయమన్నారు. మనం వంతెన ఒక్కటే పట్టుకుంటే, "ఆ కేసు కొట్టేశారుగా" అని ఆయన అభిమానులు తేలిగ్గా తప్పుకుంటారు. శిబిరాల మాట ఎత్తితే వాళ్లకు ఆ దారి ఉండదు.

ఈసారి నవంబర్ 29న ఆయన గురించి వేస్తే, చేతిలో సీసా ఉన్న ఫొటో తీసేసి ఆ చోట ద్రెతెల్, హెలియోడ్రోమ్‌ల గురించి నాలుగు వాక్యాలు వేయండి.

— ఒక పాఠకుడు, గుంటూరు