కోపం డీజే మీద, తప్పు గోడది

సంపాదకులకు,

పొద్దుపోయేదాకా పాట, ఆట నడిచే బార్ల గురించి వెళ్లొచ్చినవాళ్లు రాసేవి తరచూ చదువుతుంటాం. చెవులు చిల్లులు పడేలా సౌండు, ఇసకేస్తే రాలని జనం, గాలి ఆడలేదు, బౌన్సర్లు మొరటు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అయితే తిట్టు ఎప్పుడూ కంటికి కనిపించే మనిషికే తగులుతుంది: డీజేకి, బౌన్సరుకి, కౌంటరులో గ్లాసు ఆలస్యంగా అందించిన కుర్రాడికి. వాళ్ల వెనక ఉన్న గోడ, తలుపు, నేల, స్పీకరు పెట్టిన చోటు మాత్రం తప్పించుకుంటాయి. యజమాని డీజేని మారుస్తాడు. మరుసటి వారం మళ్లీ అదే ఫిర్యాదు. సౌండు, లైట్లు, గేటు పనుల్లో ఉన్నవాళ్లం కనక ఫిర్యాదు తగలాల్సిన చోట తగలడానికి పనికొచ్చే సంగతులు కొన్ని రాస్తున్నాం.

ముందు సౌండు. ఎక్కువగా ఉండటం వేరు, చెడ్డగా ఉండటం వేరు. ఖాళీ గదిలో సాయంత్రం సరిచేసి పెట్టిన సౌండు జనం నిండాక అలాగే ఉండదు. ఒంటి మీది బట్టలు, ఒళ్లు కలిసి పైస్థాయి ధ్వనుల్ని పీల్చేస్తాయి. తాళాల మోత, పాడేవాళ్ల మాటలు మసకబారతాయి. పైగా రెండు మూడు గంటలు విన్నాక డీజే చెవి కూడా మొద్దుబారుతుంది. మామూలుగానే ఉందనుకుంటూ కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతాడు. మాట వినబడక జనం అరుస్తారు, అరుపుల మీద వినబడాలని అతను ఇంకొంచెం పెంచుతాడు. చివరికి మిక్సరు మీద ఎర్ర దీపాలు ఆరకుండా వెలుగుతుంటాయి. అప్పుడు యాంప్లిఫైరు ధ్వని తరంగం తలను కత్తిరించినట్టు కోసేస్తుంది. చెవిలో ఇసుక పోసినట్టు గరగరలాడే సౌండు అదే. ముందుగా కాలిపోయేది ట్వీటరు, అంటే పైస్థాయి ధ్వనులు పలికే చిన్న స్పీకరు. అది పోయాక మిగిలేది బురద లాంటి బేస్. దానికి మందు కొత్త డీజే కాదు, మిక్సరుకీ యాంప్లిఫైరుకీ మధ్య తాళం వేసి ఉంచే లిమిటరు, అంటే సౌండుని హద్దు దాటనివ్వని పరికరం. అది ఉందా అని యజమానిని ఎవరైనా అడగవచ్చు. సమాధానం ఇవ్వడానికి పట్టే సమయమే చాలా సంగతులు చెబుతుంది.

ఎంత సౌండు ఎంతసేపు అన్నదానికి లెక్క ఉంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ చెప్పేది 85 డెసిబెల్స్ (సౌండుని కొలిచే ప్రమాణం) దగ్గర రోజుకి 8 గంటలు. అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగం అవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 97కి అరగంట, 100కి పావుగంట. ఇది రోజూ పనిచేసేవాళ్ల కోసం వేసిన లెక్క. అంటే నెలకోసారి వచ్చే అతిథికంటే కౌంటరు వెనక రోజూ నిలబడే మనిషికి అక్షరాలా వర్తిస్తుంది. వాళ్ల చెవుల సంగతి ఎవరూ రాయరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పాటల వేదికలకు ఒక ప్రమాణం పెట్టింది: పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదు, కొలత నడుస్తూ ఉండాలి, చెవి బిరడాలు అందుబాటులో ఉండాలి, చెవికి విశ్రాంతినిచ్చే నిశ్శబ్దమైన చోటు ఉండాలి. ఆ చివరి షరతు చిన్నగా కనిపిస్తుంది కానీ అసలైనది అదే. ఆరుబయట స్పీకరు నుంచి దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి. నాలుగు గోడల మధ్య అలా జరగదు. కొన్ని మీటర్లు దాటాక గోడలనుంచి తిరిగొచ్చే ధ్వనే నిండిపోతుంది కాబట్టి వెనక మూలకి పోయి నిలబడ్డా పెద్దగా తేడా ఉండదు. తలుపు మూసిన మరో గది, మలుపు తిరిగిన వరండా, అవే విశ్రాంతి. మధ్యమధ్య కాసేపు అక్కడ గడిపితే చెవికి కొంత ఊరట.

నురుగు (ఫోమ్) బిరడాలు వాడేవాళ్లలో చాలామంది తప్పుగా పెట్టుకుని, పనిచేయడం లేదని పారేస్తారు. వేళ్ల మధ్య సన్నటి కడ్డీలా నలపాలి. రెండో చెయ్యి తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. లోపలికి దూర్చి అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. సగం బయటే ఉంటే పెట్టనట్టే. నురుగుది ఒక లోపం ఉంది. పైస్థాయి ధ్వనుల్ని ఎక్కువగా మింగేస్తుంది, పాట దుప్పటి కింద మోగినట్టుంటుంది. పాట చెడకూడదంటే వడపోత ఉన్న సంగీత బిరడాలు ఉన్నాయి, అవి అన్ని స్థాయిల్నీ దాదాపు సమానంగా తగ్గిస్తాయి. బయటికొచ్చాక చెవి గింగురుమంటే, మాటలు దూరంగా వినిపిస్తే, ఆ రాత్రి మోతాదు మించిందన్నమాట. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గిందంటే నష్టం ఏమీ లేదని కాదు. తగ్గకపోతే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

బేస్ గురించి ఒక్క మాట, ఎందుకంటే దీని మీద వచ్చే ఫిర్యాదులు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. ఒకరు గుండె అదిరిపోయిందంటారు, అదే రాత్రి మరొకరు బేసే లేదంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 60 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు ఆరు మీటర్లు. సబ్‌వూఫర్లు, అంటే బేస్ పలికే పెద్ద స్పీకర్లు, వేదికకి ఎడమా కుడీ పెడితే రెండిటి ధ్వనీ గది మధ్యగీత మీద కలిసి పోగుపడుతుంది. దాని పక్కన కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటాయి. గోడల దగ్గర, మూలల్లో మళ్లీ పేరుకుంటుంది. బేస్ నచ్చకపోతే రెండు మూడు అడుగులు పక్కకి జరిగి చూడండి, గది మారినట్టుంటుంది. యజమానులు చేయగలిగింది, సబ్‌వూఫర్లన్నీ మధ్యలో ఒకేచోట పెట్టడం. వేదిక ముందు అందం చెడిపోతుందని సాధారణంగా ఒప్పుకోరు.

జనం విషయానికి వస్తే, లోపలున్న సంఖ్యకంటే వాళ్లు నడిచే దారి ముఖ్యం. నిలబడి ఉండే హాళ్లకు అమెరికా అగ్నిభద్రతా నియమావళి మనిషికి 0.65 చదరపు మీటరు లెక్క కడుతుంది. అంటే 100 చదరపు మీటర్ల నేల మీద సుమారు 150 మంది. అది నిలబడటానికి సరిపోతుంది, చేతులు విసిరి ఆడటానికి కాదు. అయితే అంతకంటే తక్కువ జనం ఉన్నా గది నరకంలా ఉండొచ్చు. కౌంటరు ఒక మూల, మరుగుదొడ్లు ఎదుటి మూల, పొగ తాగే తలుపు మూడో మూల పెడితే ప్రతి మనిషీ ఆడేవాళ్ల మధ్యనుంచే నడవాలి, అదీ చేతిలో గ్లాసుతో. ఒలికిన పానీయం, జారిన కాలు, చిందిన గ్లాసు మీద మొదలైన కొట్లాట, అన్నీ ఆ దారిలో పుట్టినవే. డాన్సు చేసే చోటు అంచున భుజం ఎత్తు బల్ల లాంటి అరుగు వేస్తే గ్లాసు అక్కడే ఆగిపోతుంది. పెద్ద ఖర్చు కాదు.

చదరపు మీటరుకి ఆరేడుగురు చేరితే మాత్రం జనం మనుషుల్లా కాక నీళ్లలా కదులుతారు. గుర్తులు తేలికే. చేతులు ఛాతీ ముందుకి తెచ్చుకోలేకపోవడం, మీరు అడుగు వేయకుండానే పక్కకి జరగడం. అప్పుడు ఎదురు తోయకండి. చేతులు బాక్సరులా ఛాతీ ముందు పెట్టుకుని, ఒత్తిడి అల వెనక్కి తగ్గినప్పుడు ఏటవాలుగా అంచు వైపు కదలండి. కిందపడినది తీసుకోవడానికి వంగకండి, ఫోనైనా సరే. గేటు దగ్గర లెక్క కొట్టే చేతియంత్రం చూసి నిశ్చింత పడకండి. వచ్చేవాళ్లని లెక్కించి పోయేవాళ్లని వదిలేయడం, లేదా వెనక తలుపునుంచి వచ్చిన అతిథుల్ని కలపకపోవడం ఎక్కువగా జరిగే పొరపాటు. మేడ మీదా, లోపలి మిద్దెల మీదా గుంపుగా ఎగరడం మరో చిక్కు. నిమిషానికి 120 దరువుల పాట అంటే సెకనుకి రెండు గెంతులు, అందరూ ఒకేసారి. దక్షిణ కొరియాలోని గ్వాంగ్జులో 2019 జూలైలో ఒక క్లబ్బు లోపలి మిద్దె కూలి ఇద్దరు చనిపోయారు. అందులో కొంత భాగం అనుమతి లేకుండా పెంచింది.

ఇక తలుపులు. ఎవరూ రాయని సంగతి ఇది, అందుకే ఎక్కువ రాయాలి. అమెరికాలోని బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ క్లబ్బు 1942 నవంబరులో తగలబడి 492 మంది చనిపోయారు. అనుమతికి రెట్టింపు జనం ఉన్నారు. ముందున్న గిరగిర తిరిగే తలుపు మనుషులతో బిగుసుకుపోయింది, మిగతావి కొన్ని తాళం వేసి ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోనే రోడ్ ఐలండ్‌లోని స్టేషన్ క్లబ్బులో వేదిక మీద వెలిగించిన చిచ్చుబుడ్లు గోడకి అంటించిన నురుగుకి అంటుకున్నాయి. నిమిషంన్నరలో లోపల బతకలేని స్థితి వచ్చింది. వంద మంది పోయారు. బయటికి నాలుగు దారులున్నా ఎక్కువమంది వచ్చిన గుమ్మం వైపే పరుగెత్తారు. బ్రెజిల్‌లోని శాంటా మరియాలో 2013 జనవరిలో కిస్ క్లబ్బులో అదే జరిగింది, 242 మంది. డబ్బు కట్టకుండా పోతున్నారనుకుని కాపలావాళ్లు మొదట ఆపారని బతికినవాళ్లు చెప్పారు. పోయేటప్పుడు బిల్లు కట్టి కార్డు చూపిస్తేనే తలుపు తీసే పద్ధతి ఎక్కడ కనిపించినా ఈ మాట గుర్తుకు రావాలి.

ఆ నురుగు అక్కడికి ఎందుకు వచ్చిందో చూడండి. చుట్టుపక్కలవాళ్లు సౌండని ఫిర్యాదు చేస్తే, లేదా లోపల ప్రతిధ్వని ఎక్కువైతే, చవగ్గా దొరికే పాలియురెథేన్ నురుగు పలకలు గోడకి అంటిస్తారు. గుడ్ల అట్టలా ఎత్తుపల్లాలుగా ఉండేవి అవే. అది బేస్‌ని ఆపదు. బేస్‌ని ఆపేది బరువైన గోడ, రెండు తలుపుల మధ్య చిన్న గది ఉండే గుమ్మం. నురుగు చేసేదల్లా పైస్థాయి ధ్వనుల్ని కాస్త పీల్చడం, నిప్పు తగిలితే భగ్గున మండి విషపు పొగ వదలడం. పొరుగువారి ఫిర్యాదూ తీరదు, ప్రమాదం కొత్తగా వచ్చి చేరుతుంది. గుడ్డ కప్పిన రాతిఉన్ని (రాక్‌వూల్) పలకలు ఆ పని ఇంకా బాగా చేస్తాయి, ఆ ఉన్ని మండదు. కాబట్టి లోపలికి అడుగుపెట్టాక చూడాల్సింది కౌంటరు కాదు, గోడలు. ఆ తరవాత మీరు వచ్చింది కాక మరో దారి ఎక్కడుందో, దాని ముందు కుర్చీలు, సీసాల ట్రేలు పేర్చి లేవు కదా, గొలుసు లేదు కదా. రెండు నిమిషాల పని. తలెత్తి పైకప్పు మీది పొగ గుర్తించే గుండ్రటి పరికరాలు కూడా చూడండి. ఫాగ్ మిషను పొగకి అవి ఊరికే మోగుతున్నాయని ప్లాస్టిక్ సంచి కట్టేయడం వేదిక పనివాళ్లకి పాత అలవాటు. పొగ మరీ దట్టంగా వదిలితే దారి చూపే దీపాలూ కనబడవు. లైట్ల కిరణాలు కనబడటానికి పల్చటి పొగ చాలు.

మెరుపు లైట్ల విషయంలో బ్రిటన్ మార్గదర్శకం సెకనుకి నాలుగు మెరుపులు మించవద్దంటుంది, మూర్ఛ రోగుల కోసం. వాడుతున్నట్టు గుమ్మం దగ్గర ముందే రాసి ఉండాలి.

గాలి, నీళ్లు ఒకే కథ. కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి వదులుతుంది, ఆడుతున్న మనిషి రెండు మూడు రెట్లు. రెండు వందల మంది అంటే గదిలో యాభై కిలోవాట్ల పొయ్యి. ఏసీ సరిపోలేదని తిట్టేముందు బయటి గాలి లోపలికి వస్తోందో లేదో గమనించండి. ఉన్న గాలినే చల్లబరిచి తిప్పే ఏసీలో చల్లగానే ఉంటుంది, అయినా తలనొప్పి వస్తుంది. ఆ నొప్పిని జనం మందు మీదకి తోస్తారు. చెమట ఒకవైపు, నీటిని బయటికి తోడే మద్యం ఒకవైపు, కాబట్టి ప్రతి గ్లాసుకీ ఒక గ్లాసు నీళ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లో అడిగితే తాగునీరు ఉచితంగా ఇవ్వాలని లైసెన్సు షరతే ఉంది. నీళ్లు అమ్ముకోవడానికి కుళాయి కట్టేసే చోటు గురించి మొహమాటం లేకుండా రాయండి.

బౌన్సర్ల మొరటుతనంలో చాలావరకు రాత్రి చివరి పావుగంటలో పుడుతుంది. పాట తారస్థాయిలో ఉండగా హఠాత్తుగా ఆపి, లైట్లు వేసి, అందర్నీ ఒకే గుమ్మంలోంచి తోలితే ఎవరైనా మొరటుగానే కనిపిస్తారు. తెలిసినవాళ్లు అరగంట ముందునుంచే వేగం, సౌండు దించుతారు, కౌంటరు ముందు మూస్తారు, లైట్లు మెల్లగా పెంచుతారు. జనం వాళ్లంతట వాళ్లే పలచబడతారు. లోపల కొట్లాట ఆపడానికి మిరియాల స్ప్రే కొట్టడం మాత్రం క్షమించరానిది. 2003లో షికాగోలోని ఈ2 క్లబ్బులో అలా కొడితే భయపడి మెట్ల మీదికి ఉరికిన గుంపులో 21 మంది నలిగిపోయారు.

ఫిర్యాదు ఎలా రాయాలని అడిగితే మాకు పనికొచ్చే వాక్యం ఇలా ఉంటుంది: "రాత్రి పదకొండున్నరకి కుడి స్పీకరుకి నాలుగు మీటర్ల దూరంలో ఫోను కొలత 104 డెసిబెల్స్, పది నిమిషాలు తగ్గలేదు, మరుగుదొడ్ల పక్క తలుపుకి అడ్డంగా ఖాళీ సీసాల ట్రేలు, నీళ్లు అడిగితే సీసా కొనమన్నారు." ఫోను కొలత అటూఇటూగా ఉంటుంది, పర్వాలేదు, 90కీ 100కీ తేడా అది చెప్పగలదు. ఇలాంటి మూడు ముక్కలు చేతికొస్తే మర్నాడు మధ్యాహ్నానికల్లా ఒక మెకానిక్కు, ఒక స్క్రూడ్రైవరు, రెండు చేతులతో సగం సరిచేయవచ్చు. "సౌండు దారుణం" అని రాస్తే మేం మళ్లీ డీజేని మార్చడం చూస్తూ కూర్చోవాలి.

ఇట్లు,
సౌండు, లైట్లు, గేటు పనుల్లో ఉన్న కొందరు