నడుంనొప్పికి బిళ్లలేనా?

సంపాదకులకు నమస్కారం.

పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పొద్దస్తమానం వంగి కూర్చునే ఆడవాళ్లు నొప్పి బిళ్ల మింగి, నడుముకు బెల్టు బిగించి మళ్లీ పనికెళ్తున్నారు. మూడు నెలలు దాటిన నడుంనొప్పికి బెల్టులు మామూలుగా వాడొద్దని, వ్యాయామం చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. అసలే కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ప్రాంతం మాది! కిడ్నీలకు చేటు చేసే ఆ బిళ్లలు ఇక్కడ మరీ ప్రమాదం.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, రోజూ నడవడం... వీటికి ఖర్చేముంది? మొదట్లో కాస్త నొప్పెడితే నరం పట్టేసిందని భయపడి మానేస్తారు. పక్కనుండి ధైర్యం చెప్పి, మెల్లమెల్లగా పెంచే మనిషి కావాలి. కాళ్లు చచ్చుబడినా, మూత్రం పట్టు తప్పినా మాత్రం వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. మా వైపు పీహెచ్‌సీలకు వారానికోసారైనా ఫిజియోథెరపిస్టును పంపమని జిల్లా వైద్యాధికారులను వేడుకుంటున్నాను.

– ఒక పాఠకురాలు, కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా