ప్రయోగాలు తీసేశాక మిగిలేది జట్టు పోటీ కాదు

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ విద్యా పేజీలో వచ్చిన వార్తను, ఆ నిర్ణయాన్ని మెచ్చుకుంటూ తర్వాత మీరు రాసిన సంపాదకీయాన్ని చదివాను. మాధ్యమిక, ఉన్నత పాఠశాలల జట్లకు ఏటా జరిగే సైన్స్ పోటీలో ఇకమీదట ప్రయోగాలు, పరికరాల తయారీ ఉండవని, ప్రతి విద్యార్థీ విడిగా రాసే బహుళైచ్ఛిక ప్రశ్నపత్రం మాత్రమే ఉంటుందని, సభ్యుల మార్కులను కూడి విజేత జట్టును ప్రకటిస్తారని ఆ వార్త సారాంశం. మూల్యాంకనంపై వివాదాలు రావని, ఖర్చు తగ్గుతుందని, ఫలితాలు అదే రోజు తెలుస్తాయని మీరు దీనిని సంస్కరణగా వర్ణించారు. సైన్స్ బోధించేవారు ఎవరైనా స్పందిస్తారని ఇన్నాళ్లూ ఎదురుచూశాను. ఉత్తరాల శీర్షికలో ఆ ఊసే కనిపించకపోవడంతో నేనే రాస్తున్నాను.

నలుగురు పిల్లలు నాలుగు బల్లల దగ్గర కూర్చొని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా రాసిన మార్కులను కూడితే ఒక మొత్తం వస్తుందే గానీ, ఆ నలుగురూ కలిసి చేసిన పని అందులో ఏదీ ఉండదు. అలాంటప్పుడు వారిని జట్టుగా నమోదు చేసుకోవడం దేనికి? నలుగురికీ విడివిడిగా పరీక్ష పెట్టి ర్యాంకులు ఇచ్చుకోవచ్చు. అటువంటి పరీక్షలు పిల్లలకు ఇప్పటికే అవసరానికి మించి ఉన్నాయి.

ప్రయోగంలో జట్టు చేసే పని ఏమిటో తెలియనివారి కోసం చాలా మామూలు ఉదాహరణ ఒకటి చెబుతాను. మీటరు పొడవున్న లోలకం, అంటే తాడుకు వేలాడదీసిన గోళం, ఇరవై డోలనాలకు (ఒకసారి అటు వెళ్లి తిరిగి రావడం ఒక డోలనం) పట్టే కాలాన్ని కొలిచి, దాని నుంచి గురుత్వ త్వరణాన్ని, అంటే కిందికి పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో ఆ విలువను, లెక్కగట్టమని ముగ్గురు విద్యార్థులకు అప్పగించారనుకోండి. ఒకరు డోలనాలు లెక్కపెడతారు, ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుంటారు, మూడోవారు రీడింగులను పట్టికలో రాస్తారు. లోలకాన్ని వదిలిన క్షణంలోనే 'ఒకటి' అని మొదలుపెట్టిన విద్యార్థి, ఇరవై అనేసరికి నిజానికి పంతొమ్మిది డోలనాలే పూర్తవుతాయి. ఆ పొరపాటుతో లెక్కిస్తే డోలనావర్తన కాలం (ఒక్క డోలనానికి పట్టే కాలం) అయిదు శాతం తగ్గుతుంది, దాని వర్గంతో భాగిస్తాం కనుక గురుత్వ త్వరణం 9.8కి బదులు దాదాపు 10.9గా తేలుతుంది. పట్టిక రాస్తున్న విద్యార్థికి అనుమానం వస్తుంది. తాడు పొడవును గోళం మధ్య వరకు కొలిచారా, పై అంచు వరకే కొలిచారా అని ఒకరు అడుగుతారు, వాచీ ఆలస్యంగా నొక్కావని మరొకరు అంటారు, మళ్లీ చేసి చూస్తారు, చివరికి సున్నా నుంచి లెక్క మొదలుపెట్టాలని వారే కనిపెడతారు. కొలతను అనుమానించడం, తోటివారి పనిని తప్పుపట్టడం, తప్పుపట్టించుకోవడం, కారణం దొరికేదాకా వదలకపోవడం ఆ అరగంటలో జరుగుతాయి. కొత్త ప్రశ్నపత్రంలో ఇదే అంశం గురుత్వ త్వరణం విలువ ఎంత అన్న ప్రశ్నగా వస్తుంది, లోలకాన్ని ఎన్నడూ ముట్టుకోని విద్యార్థి కూడా 9.8 ఎదురుగా ఉన్న గడిని నింపి మార్కు తెచ్చుకుంటాడు.

మీ సంపాదకీయం "అంతర్జాతీయ ప్రమాణాలు" అన్న మాట వాడింది కనుక ఆ ప్రమాణాలను కూడా చూద్దాం. పదహారేళ్లు నిండని పిల్లల కోసం 2004లో జకార్తాలో మొదలైన అంతర్జాతీయ జూనియర్ సైన్స్ ఒలింపియాడ్‌లో రాతపరీక్షలు ఎవరికి వారే రాసినా, ప్రయోగ పరీక్షను ముగ్గురేసి కలిసి చేస్తారు. 2003లో డబ్లిన్‌లో మొదలైన యూరోపియన్ యూనియన్ సైన్స్ ఒలింపియాడ్ మొత్తం ముగ్గురు సభ్యుల జట్లు చేసే ప్రయోగాల మీదే నడిచింది. అంతర్జాతీయ యువ భౌతికశాస్త్రవేత్తల టోర్నమెంటులో పదిహేడు సమస్యలను చాలా నెలల ముందే ప్రకటిస్తారు. అయిదుగురు సభ్యుల జట్లు వాటిపై స్వయంగా ప్రయోగాలు చేసి వస్తాయి. ఒక జట్టు తన పరిష్కారాన్ని వివరిస్తే, రెండో జట్టు దానిలోని లోపాలను ఎత్తిచూపుతుంది, మూడోది ఆ ఇద్దరి వాదనలనూ సమీక్షిస్తుంది. అమెరికాలోని సైన్స్ ఒలింపియాడ్‌లో పదిహేను మంది దాకా ఉండే జట్టు ఇరవై మూడు అంశాలలో పోటీపడుతుంది. ఆ పోటీలో చాలాకాలంగా ఉన్న ఒక అంశం నాకెంతో ఇష్టం: ఒక విద్యార్థి అమర్చిపెట్టిన వస్తువును చూసి దాని నిర్మాణాన్ని మాటల్లో రాస్తాడు, వస్తువును చూడని రెండో విద్యార్థి ఆ కాగితం మాత్రమే చదివి దాన్ని తిరిగి తయారుచేయాలి. స్పష్టంగా రాయడం, జాగ్రత్తగా చదవడం విజ్ఞానశాస్త్రానికి ఎంత అవసరమో పిల్లలకు అంతకంటే బాగా నేర్పే పరీక్షను నేను చూడలేదు.

క్విజ్ పోటీలో కూడా జట్టుకు పని కల్పించవచ్చు. అమెరికా ఇంధన శాఖ 1991 నుంచి నిర్వహిస్తున్న నేషనల్ సైన్స్ బౌల్‌లో ముందుగా వచ్చే ప్రశ్నకు పక్కవారిని సంప్రదించకుండా బజర్ నొక్కి జవాబు చెప్పాలి, దానికి నాలుగు పాయింట్లు. అది సరైతే వచ్చే బోనస్ ప్రశ్నకు జట్టంతా ఇరవై సెకన్లు చర్చించుకోవచ్చు, దానికి పది పాయింట్లు. కలిసి ఆలోచించి చెప్పిన జవాబుకే ఎక్కువ విలువ ఇచ్చారన్నమాట. మన నిర్వాహకులు ఆ పాటి అవకాశం కూడా ఉంచలేదు.

ఇక వివాదాల సంగతి. పిల్లల పేరుతో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు పరికరాలు తయారుచేసి తెస్తున్నారన్న ఫిర్యాదు నిజమే. తమ వంతెన నమూనాలో బరువు ఏ పుల్ల మీద పడుతుందో చెప్పలేని జట్టుకు బహుమతి దక్కడం నేనూ చూశాను, బాధపడ్డాను. దానికి పరిష్కారాలు మాత్రం ఎప్పటి నుంచో ఉన్నాయి. పోటీ మొదలవడానికి ముందే పరికరాలను స్వాధీనం చేసుకొని పెద్దల చేతికి అందకుండా ఉంచవచ్చు. ఎప్పుడు ఏ మార్పు చేశారో, ఎందుకు చేశారో పిల్లలే రాసిన పుస్తకాన్ని అడగవచ్చు. ప్రతి సభ్యుణ్ణీ రెండు ప్రశ్నలు అడగవచ్చు. అందరికీ ఒకే సామగ్రి ఇచ్చి తమ కళ్లెదుటే చేయించవచ్చు. వంతెన తన బరువుకు ఎన్ని రెట్ల భారం మోసిందో తూకమే చెబుతుంది కనుక, అక్కడ న్యాయనిర్ణేత ఇష్టాయిష్టాలకు చోటు కూడా తక్కువే. ఇవన్నీ చేయాలంటే ఓపికగల న్యాయనిర్ణేతలు కావాలి, వారికి ముందుగా శిక్షణ ఇవ్వాలి, నియమావళిని చివరి వారంలో మార్చకుండా నెలల ముందే బడులకు పంపాలి. ప్రారంభ సభలో అతిథుల ప్రసంగాలకు పూట గడిపి, న్యాయనిర్ణేతకు ఒక్కో జట్టు దగ్గర అయిదు నిమిషాలు కూడా మిగల్చని అధికారులు, ఆ శ్రమ తమకెందుకని ప్రయోగాలనే ఎత్తివేశారు. తప్పు చేసింది పెద్దలు, పోగొట్టుకుంటున్నది పిల్లలు.

దీని ప్రభావం పోటీతో ఆగదు. ఏడాది పొడవునా తాళం వేసి ఉండే ప్రయోగశాలలను, చేయని ప్రయోగాలకు ప్రాక్టికల్ మార్కులు వేసే అలవాటును నా ఉద్యోగ జీవితంలో చాలా చూశాను. అలాంటి బడులలో కూడా ఈ పోటీ దగ్గరపడితే బీరువాలు తెరిచేవారు, బ్యూరెట్లు కడిగేవారు, మల్టీమీటరులో బ్యాటరీ ఉందో లేదో చూసేవారు. ఇప్పుడు ఆ మాత్రం కారణం కూడా లేకుండా పోయింది. పాత ప్రశ్నపత్రాల సంకలనాలు కొనిపించి, బిట్లు బట్టీ పట్టించే కోచింగ్ కేంద్రాలకు మాత్రం ఇది మంచి వార్తే. రాతలో వెనుకబడినా చేతిపనిలో నేర్పున్న పిల్లలకు జట్టులో దొరికే గౌరవం ఇకపై దొరకదు. అటువంటి పిల్లలు నా తరగతిలో ఏటా ఉంటారు, ఈ ఏడాది జట్టు పేర్లు రాసుకునేటప్పుడు వారిని ఏమని పక్కన పెట్టాలో నాకు తెలియడం లేదు.

మీ పత్రిక మీద కూడా నాకు ఫిర్యాదు ఉంది. ప్రతి ఏడూ ఫలితాల వార్తలో వేదిక మీది ప్రముఖుల పేర్లు వరుసగా వేస్తారు, జ్ఞాపికతో కెప్టెన్ ఫోటో వేస్తారు. మిగతా సభ్యుల పేర్లు ఉండవు, ఆ జట్టు ఏ ప్రయోగం చేసింది, ఏమి కనుగొంది అన్నది ఒక్క వాక్యమైనా ఉండదు. ప్రయోగాల గురించి ఎన్నడూ రాయని పత్రికకు అవి పోయినా లోటు తెలియకపోవడంలో వింత లేదు.

ఈ ఏడాదికి కనీసం ముగ్గురు కలిసి చేసే ఒక ప్రయోగాన్నైనా, సగం మార్కులతో, పోటీలో తిరిగి చేర్చాలని నిర్వాహకులను కోరుతున్నాను. ఈ నిర్ణయానికి ముందు ఒక్క సైన్స్ ఉపాధ్యాయుడినైనా సంప్రదించారా అని మీరు వారిని అడిగి, జట్ల నమోదు గడువు ముగిసేలోగా వారి జవాబును ప్రచురించండి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు