గేర్‌బాక్స్ బాగానే ఉంది, వాలింది మా నేల

మా షెడ్డుకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పనికి వచ్చిన రాయచోటి బండి సంగతి మీలో చాలామంది చెవిన పడే ఉంటుంది. కడపలో ఒక షెడ్డు మాట ఇంకో షెడ్డుకు చేరడానికి సాయంత్రం టీ చాలు. ‘మీ దగ్గర టార్క్ కన్వర్టర్ మార్పిస్తే అసలు గేర్‌బాక్సే పోయిందటగా’ అని ఇద్దరు ఫోను చేసి మరీ అడిగారు. పోలేదు. ఇప్పుడు ఆ బండి రోజూ తిరుగుతోంది. కానీ మధ్యలో పన్నెండు రోజులు అది మా షెడ్డులోనే పడి ఉంది. అందులో పది రోజులు కేవలం నా మూలంగానే. ఆ కథ మీకు నేనే చెప్పడం మర్యాద. పైగా మీలో కొందరి బళ్లను కూడా ఒకసారి చూడాల్సి ఉంది.

అది ఆరు గేర్ల ఆటోమేటిక్ డీజిల్ బండి. లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఓనరు వారానికి మూడుసార్లయినా నిండా మనుషులతో, సామానుతో రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాట్ దాటే మనిషి. పాత కన్వర్టర్‌లో లాకప్ క్లచ్ అరిగిపోయింది. ఎలాగూ మారుస్తున్నాం కదా, గట్టిది వేయమన్నాడు. లాకప్ లైనింగ్ దిట్టంగా ఉన్నది, స్టాల్ స్పీడ్ కాస్త ఎక్కువున్నది తెప్పించి బిగించాం.

ఈ మాటలు కొత్తవారికి ఒక్క ముక్కలో చెబుతాను. ఆటోమేటిక్‌లో ఇంజనుకు, గేర్‌బాక్సుకు మధ్య ఉండేది టార్క్ కన్వర్టర్, అంటే ఆయిల్ నిండిన డబ్బా. ఇంజను వైపు రెక్కలు ఆయిల్‌ను తోస్తే, ఆ తోపుకు గేర్‌బాక్సు వైపు రెక్కలు తిరుగుతాయి. ఆయిల్ కాబట్టి కొంత జారుడు తప్పదు. బండి వేగం అందుకున్నాక ఆ జారుడు లేకుండా రెండింటినీ కలిపి పట్టేసేది లాకప్ క్లచ్. బ్రేకు తొక్కిపట్టి ‘డి’లో రేసు పూర్తిగా ఇస్తే ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లకు మించి తిరగలేదో అదే స్టాల్ స్పీడ్. ఇది పెరిగితే ఎత్తుకోవడం చురుగ్గా ఉంటుంది, జారుడూ వేడీ కూడా పెరుగుతాయి. ఈ చివరి మాట ఓనరుకు ముందే చెప్పాను. అది ఒక్కటే నేను సరిగ్గా చేసింది.

బండి ఇచ్చిన మూడో రోజు ఫోను. “అన్నా, ‘డి’లో వేస్తే రెండు క్షణాలు ఆలోచించి కదులుతోంది. ఘాట్ ఎక్కేటప్పుడు రెండు నుంచి మూడుకు మారే చోట ఇంజను ఊరికే అరుస్తోంది, బండి లాగడం లేదు. కాలు తీస్తే ధడేలుమని పడుతోంది.”

నేను తెలిసినవాడిలా ఫోనులోనే తేల్చేశాను, లోపల క్లచ్ ప్లేట్లు అరిగాయని. ఎనభై వేలు దాటుతుందని కూడా అన్నాను. పాపం ఆ మనిషి అవతల మాట్లాడలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నవాడు బండి చూడకుండా అనకూడని మాట అది.

బండి వచ్చాక మొదటి అనుమానం కన్వర్టర్ కూర్చోవడం మీద. అది షాఫ్టు పళ్లలోకి, స్టేటర్ (కన్వర్టర్ మధ్యలోని రెక్కల చక్రం) పళ్లలోకి, చివరికి ఆయిల్ పంపులోకి వరుసగా దిగాలి. చేత్తో తిప్పుతూ నెడితే ‘టక్’మని మూడుసార్లు తెలుస్తుంది. మూడోది దిగకుండా బోల్టులు బిగిస్తే పంపు నలిగిపోతుంది. గేర్‌బాక్సు మళ్లీ దించాం. చక్కగానే ఉంది. ఇంజను వెనుక కన్వర్టర్‌ను బిగించే ఫ్లెక్స్ ప్లేటుకు, కన్వర్టర్‌కు మధ్య ఖాళీ నాలుగు మిల్లీమీటర్లు, ఉండాల్సినంతే. తర్వాత ఏ గేరుకు ఆయిల్ పోవాలో పంచే వాల్వ్ బాడీ విప్పాం, కడిగాం, అందులో కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే సోలినాయిడ్లన్నీ మీటరు పెట్టి చూశాం. ఒక్కదానిలోనూ లోపం లేదు. దానికి 6,500 బిల్లు మాత్రం వేశాను.

తొమ్మిదో రోజు మా కుర్రవాడి చేతిలోంచి పదమూడో నంబరు నట్టు జారి బండల మీద పడింది. పడి, మెల్లగా దొర్లుకుంటూ గేటు వైపు వెళ్లింది. వాడు తల కూడా ఎత్తకుండా గేటు దగ్గరికే వెళ్లి తెచ్చుకున్నాడు. మా షెడ్డులో నట్టు పడితే ఎప్పుడూ అక్కడే వెతుకుతాం. కడిగిన నీళ్లు బయటికి పోవాలని కడప బండలు పరిచిన రోజే వాలు పెట్టించాం. ఏళ్ల తరబడి ఆ వాలు మీద నట్లు ఏరుకుంటున్నాం గానీ, ఆ వాలు మీదే ఆయిల్ లెవెల్ కూడా చూస్తున్నామని ఒక్కరికీ తట్టలేదు.

ఈ గేర్‌బాక్సుకు ఆయిల్ కొలిచే పుల్ల, డిప్‌స్టిక్ లేదు. ఇంజను నడుస్తుండగా, ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు కింద ప్లగ్ విప్పాలి. ఎక్కువున్నది ధారగా పోయి, చుక్కలుగా మారగానే మూసేయాలి. బండి సమంగా నిలబడి ఉంటేనే ఈ లెక్క. మేస్త్రిని పిలిచి నీళ్ల గొట్టంతో చూపిస్తే, బండి కింద పని చేసే గుంత దగ్గర వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే తొమ్మిది సెంటీమీటర్లు కిందికి ఉన్నాయని తేలింది. ప్లగ్ వెనుక వైపే ఉంది. ఆయిల్ అంతా వెనక్కి చేరి, ఉండాల్సింది కూడా కారిపోయింది.

వాలుకు తోడు వేడి. కన్వర్టర్ బిగించినప్పుడు మే నెల, మధ్యాహ్నం మూడు. ఊరంతా ఒక చుట్టు తిప్పుకొచ్చి అప్పుడే ప్లగ్ విప్పాం. ఎండలో నిలబెట్టిన బండిలో ఇంజను వేయకముందే ఆయిల్ నలభై దాటి ఉంటుంది మన దగ్గర. తిప్పుకొచ్చాక డెబ్బైకి తగ్గదు. వేడికి పొంగిన ఆయిల్‌ను ఎక్కువైందనుకుని వదిలేశాం. ఆ ఉష్ణోగ్రతల లెక్క రాసినవాడికి కడప ఎండ తెలియదని తిట్టుకున్నాను గానీ, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో డెబ్బై అని కనిపిస్తూనే ఉంది. చూడనిది నేను.

బండిని సమంగా నిలిపి, చల్లటి వేళ పోస్తే 750 మిల్లీలీటర్లు పట్టింది. ఆ తక్కువే ఘాట్‌లో ప్రాణం తీసింది. ఎక్కుడులో ఆయిల్ వెనక్కి జరిగితే ఫిల్టరు గాలి పీల్చుకుంది. ప్రెషరు పడిపోతే మూడో గేరు క్లచ్ ఎలా పట్టుకుంటుంది? ప్లేట్లు కాలిపోకపోవడం మా అదృష్టం. ఆయిల్ ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు.

అక్కడితో తీరలేదు. అరవై ఐదు వేగంలో సన్నటి వణుకు మిగిలింది, గరుకు రోడ్డు మీద పోతున్నట్టు. అరిగిన పాత లాకప్‌ను పట్టించడానికి ఎంత ప్రెషరు కావాలో గేర్‌బాక్సు కంప్యూటర్ ఏళ్లుగా నేర్చుకుని ఉంది. కొత్త లైనింగ్‌కూ అదే కొలత వేస్తుంటే అది పట్టి, వదిలి, మళ్లీ పట్టేది. పాత నేర్పంతా స్కానర్‌తో చెరిపేసి, తెల్లవారుజామున మైదుకూరు రోడ్డులో తేలిక కాలుతో, ఆగుతూ సాగుతూ నలభై కిలోమీటర్లు నడిపాం. వణుకు పోయింది. ఆ మర్నాడు ఓనరును పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ రెండుసార్లు ఎక్కి దిగాను. పైన ఆయనే పాలకోవా కొనిచ్చాడు. తినడానికి మొహం చెల్లలేదు గానీ తిన్నాను.

ఆ 6,500 తిరిగి ఇచ్చేశాను. ఆయిల్ డబ్బులూ తీసుకోలేదు.

ఇప్పుడు మీ సంగతి. ఈ ఏడాది మార్చి నుంచి మా గుంత మీద ఆటోమేటిక్ ఆయిల్ మార్పించుకున్న బళ్లు పదకొండు ఉన్నాయి. అందరికీ ఫోను చేస్తున్నాను. బండి బాగానే ఉందనిపించినా తీసుకురండి, లెవెల్ చూసి తక్కువైతే పోస్తాం, పైసా అక్కర్లేదు. వెనుక చక్రాల కింద పెట్టడానికి తొమ్మిది సెంటీమీటర్ల దిమ్మలు చేయించాం. స్టాల్ పెంచిన కన్వర్టర్లు మాత్రం ఇకమీదట రోజువారీ బళ్లకు వేయను. మన ఎండకు, మన ఘాట్లకు కంపెనీ కొలతే చాలు. కావాలంటే లైనింగ్ గట్టిది వేసుకుందాం.

చిన్న కార్ల వాళ్లు కూడా కంగారుపడి ఫోను చేస్తున్నారు. మీది ఏఎంటీ అయితే అందులో టార్క్ కన్వర్టరే ఉండదు. అది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మిషను చేస్తుంది. మీరు రానక్కర్లేదు.

వచ్చేవారు ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది లోపు రండి. దూరం నుంచి వస్తే ఆయిల్ వేడెక్కి ఉంటుంది కనుక ముందు రోజు సాయంత్రమే బండి వదిలి వెళ్లండి. మధ్యాహ్నం తెచ్చి ‘ఒక్కసారి చూసేయ్ అన్నా’ అంటే చూడను.